చెరువు కట్ట మీద చదువుకుందాం: మీ ఊళ్ళో ఇలాంటి కార్యక్రమం ఎలా పెట్టుకోవాలి

సాహిత్యం, పర్యావరణం, ఊరి జనం, ఈ మూడింటినీ కలిపి ఏదన్నా చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అని టీచర్లు, గ్రంథాలయాలు నడిపేవాళ్ళు, ఊళ్ళో చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతుంటారు. హాలు మాట్లాడుకోవద్దు, చెరువు కట్ట మీదికి వెళ్ళండి అన్నదే నా జవాబు. హాల్లో పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు: బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు ప్రసంగాలు, భోజనాలు. నీళ్ళ గురించి అంతసేపు మాట్లాడతాం గానీ ఆ నీళ్ళతో బతికే మనిషి నోటి నుంచి ఒక్క మాట వినం, ఎందుకంటే ఆ మనిషి అక్కడికి రాడు, వచ్చినా వెనక కుర్చీలో కూర్చుని వెళ్ళిపోతాడు.

నేను చెప్పే పద్ధతి చాలా చిన్నది. చెరువు గురించి పాతవాళ్ళు రాసిపెట్టినదాన్ని చెరువు దగ్గరికే తీసుకెళ్ళి, చెరువుతో పని ఉన్నవాళ్ళ మధ్య నిలబడి గట్టిగా చదవాలి. చదివాక "ఇది మన చెరువుకు పనికొస్తుందా, రాదా?" అని అడగాలి. అడిగాక వినాలి. మిగతాదంతా ఈ మూడు పనులకు చేసే ఏర్పాటే.

ఇదేదో బయటి నుంచి తెచ్చుకున్న ఆలోచన అనుకోకండి. కొడుకు, చెరువు, కావ్యం, గుడి, తోట, అగ్రహారం, నిధి, ఈ ఏడింటినీ మనవాళ్ళు సప్తసంతానాలన్నారు, మనిషి పోయాక కూడా పేరు నిలబెట్టేవని. అంటే చెరువూ కావ్యమూ మన పెద్దల లెక్కలో ఒకే వరసలోవి. చెరువు తవ్వించిన ప్రభువే కవి చేత కృతి అంకితం తీసుకునేవాడు, ఆ చెరువు సంగతి శాసనంగా అల్లిందీ కవులే. ఇక జనం ఉన్నచోటికి పుస్తకం వెళ్ళడమంటారా, 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళంతా సభ పెట్టుకున్న నాటి నుంచీ అది మనకు అలవాటైన పనే. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి తిప్పారు, ప్రయాణం చేసేవాళ్ళు దారిపొడవునా చదువుకునేవాళ్ళు. కాలువ మీద గ్రంథాలయం నడిచిన నేల మనది, కట్ట మీద గంటసేపు చదువుకోవడం మనకు కష్టం కాకూడదు.

ఏం చదవాలి

మొదటిసారి పెట్టేవాళ్ళకు నేను పోరుమామిళ్ళ శాసనమే చెబుతాను, మీది ఏ జిల్లా అయినా సరే. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర, పాడుబడిన భైరవుడి గుడి ముందు రెండు బండల మీద చెక్కిన సంస్కృత శ్లోకాలివి. కాలం శకం 1291, మన లెక్కలో 1369. విజయనగరం బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి పాలించిన భాస్కర భవదూరుడు ఈ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి వంద బండ్లు నడిచాయని, రెండేళ్ళు పట్టిందని శాసనమే చెబుతుంది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ దీన్నీ, అప్పటి ప్రకాశం జిల్లా కంభం చెరువునూ వారసత్వ నిర్మాణాల జాబితాలో చేర్చింది. శాసనం పాఠం, ఇంగ్లీషు అనువాదం ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో ఉన్నాయి, ఆ పాత సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

నేను దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, రాజు గొప్పలు చెప్పి ఊరుకోకుండా, మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు చెబుతుంది, ఏమేం ఉండకూడదో ఆరు చెబుతుంది. ఉండాల్సినవి ఇవి: ధర్మబుద్ధి, సంపద, పేరు మీద కోరిక ఉన్న రాజు; నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు; గట్టి బంకనేల; మూడు యోజనాలు పారి వచ్చే తీపినీళ్ళ ఏరు; ఆ ఏటిని ఒరుసుకుని ఉన్న కొండ; ఆ కొండ సందులో మరీ పొడవు కాకుండా దిట్టంగా కట్టిన రాతి కట్ట; పంటభూములకు ఎడంగా తిరిగిన రెండు కొనలు; వెడల్పూ లోతూ ఉన్న గర్భం; తిన్నగా పొడవుగా రాళ్ళు దొరికే గని; పక్కనే చదునైన సారవంతమైన పొలాలు; సుడి తిరిగే వేగంతో వచ్చే నీటి పారుదల; కట్టడం తెలిసిన పనివాళ్ళ గుంపు.

దోషాలు ఆరు. కట్ట నుంచి నీళ్ళు ఊరడం. చౌడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. చెరువు నడుమ తాబేలు వీపులా నేల ఎత్తుగా ఉండడం. నీళ్ళు తక్కువై తడపాల్సిన పొలం ఎక్కువ కావడం. నీళ్ళు ఎక్కువై పొలం తక్కువ కావడం.

ఆరున్నర వందల ఏళ్ళ కిందటి ఈ ఆరు మాటల్ని ఒక్కొక్కటే చదివి ఆగి చూడండి. రైతులు వెంటనే అందుకుంటారు. ఎక్కడ ఊట కారుతోందో చేత్తో చూపిస్తారు. రెండు రాజ్యాల సరిహద్దు అనగానే, మన చెరువు ఈ పంచాయతీలో ఉంది, ఆయకట్టు పక్క పంచాయతీలో ఉంది, తూము బాగు చేయమంటే ఎవరూ పట్టించుకోరు అని ఎవరో ఒకరు అంటారు. నడుమ ఎత్తు అనగానే పూడిక సంగతి వస్తుంది, పూడిక తీసిన ఏడాది మట్టి ఎవరి పొలాలకు వెళ్ళిందో, ఎక్కడ తవ్వి ఎక్కడ వదిలేశారో వస్తుంది. తెలంగాణ వాళ్ళయితే 2015లో మొదలైన చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయలో తమ చెరువుకు జరిగిందేమిటో, జరగాల్సింది ఏమిటో చెబుతారు. మీరు పర్యావరణం అన్న మాట ఎత్తనక్కర్లేదు.

సంస్కృతం గురించి కంగారు పడకండి. ఒకటి రెండు శ్లోకాలు చదవగలిగిన తెలుగు మాస్టారు ఎవరైనా ఉంటే వాళ్ళ చేత చదివించండి, ఆ లయ చెవిన పడితే బాగుంటుంది. లేకపోతే మానేయండి. తెలుగు మాత్రం మీ ఊళ్ళో మాట్లాడే తెలుగులో ఉండాలి. పన్నెండూ ఆరూ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి, ఎనిమిదో క్లాసు పిల్లల చేత చదివించండి, ఒక్కో పిల్లకు ఒక్కొక్కటి. తమ ఇంటి పిల్ల చదువుతోందంటే ఇంట్లోవాళ్ళు కూడా వస్తారు.

రెండోసారికి మీ ఊరి సొంత రాతలు వెతకండి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటివాళ్ళు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించి తెచ్చిన కైఫీయతులు ఉన్నాయి. ఊరు ఎలా ఏర్పడింది, చెరువు ఎవరు కట్టించారు, ఏ గుడికి ఏ మాన్యం ఉంది, ఎప్పుడు పాడైంది, అన్నీ అందులో ఉంటాయి. కడప జిల్లావాళ్ళకు పని సులువు, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. ఆ భాష కరణాల భాష, వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియదు, ఫారసీ మాటలు, లెక్కల మాటలు కలిసి ఉంటాయి. కళ్ళతో చదివితే విసుగొస్తుంది గానీ పైకి చదివితే పాత దస్తావేజులు చూసిన ముసలివాళ్ళకు చటుక్కున అర్థమైపోతుంది, డిగ్రీ చదివిన మనవళ్ళకు వాళ్ళే అర్థం చెబుతారు. అలా చెప్పడం మొదలైందంటే మీ కార్యక్రమం దారిలో పడ్డట్టే.

జిల్లాలవారీగా అచ్చైన శాసన సంపుటాలున్నాయి, వాటిలో మీ ఊరి పేరు, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు వెతకండి. పుస్తకాలకెక్కని రాళ్ళు కూడా కట్టల మీద, తూముల దగ్గర చాలా ఉన్నాయి. అలాంటి రాయి కనిపిస్తే సున్నం కొట్టకండి, నూనె పూయకండి, బ్రష్షుతో గీకకండి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోన్‌తో ఫొటోలు తీస్తే అక్షరాలు చక్కగా తేలతాయి, నడినెత్తిన ఎండలో తీస్తే ఏమీ కనబడదు. ఆ ఫొటోలు మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపవచ్చు.

కథలున్న చెరువులయితే కథే చదవండి. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకు ముసలమ్మ కథ ఉంది. వానకు కట్ట తెగబోతుంటే, బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే నిలుస్తుందని వాక్కు వినబడిందని, ఆమె ఊరి కోసం తనే వెళ్ళి ఒప్పుకుని గండిలో నిలబడిందని చెబుతారు. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని 'ముసలమ్మ మరణం' అనే కావ్యంగా రాశారు. ఇలాంటి కథలు ఇంకా చాలా చెరువులకు ఉన్నాయి, మీ ఊళ్ళోనూ ఉండి ఉండవచ్చు. ఈ కథ చదివితే మగవాళ్ళు త్యాగం గురించి మాట్లాడతారు. కాసేపు ఆగండి. ఆడవాళ్ళలో ఎవరో ఒకరు "కోడల్నే ఎందుకడిగింది?" అంటారు. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకండి, ఎవరినీ చెప్పనివ్వకండి, దాని మీద వాళ్ళనే మాట్లాడనివ్వండి.

కార్తెల సామెతలు మాత్రం మీరు తీసుకెళ్ళక్కర్లేదు, అక్కడే పుడతాయి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని ఒకరంటే, ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని ఇంకొకరు అందుకుంటారు. ఒక పిల్ల చేతికి నోటుపుస్తకం ఇచ్చి రాయించండి, పక్కనే ఈ ఏడు ఆ కార్తెలో వాన పడిందో లేదో కూడా రాయించండి. కొన్నేళ్ళు ఇలా రాస్తే మీ ఊరికి దానంత విలువైన పుస్తకం ఉండదు.

ప్రకృతిని కాపాడుదాం, నీటిని పొదుపు చేద్దాం అనే రకం కవితలు మాత్రం వద్దు. బిందెడు నీళ్ళ కోసం నడిచినవాళ్ళ ముందు నిలబడి నీటి విలువ గురించి చెప్పడం నాకు మర్యాదగా అనిపించదు.

ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి

నెలరోజుల ముందు మొదలుపెట్టండి. సర్పంచికి, హెడ్మాస్టరుకు చెప్పి ఒక కాగితం తీసుకోవడం ఒక్కరోజు పని. అసలు పని ఇళ్ళకు వెళ్ళడం. తెలంగాణలో నీరటి అంటారు, సీమలో నీరుగంటి అంటారు, చెరువు నీళ్ళు వదిలే ఆ మనిషి ఇంటికి మొదట వెళ్ళండి. తర్వాత చేపలు పట్టే సొసైటీ వాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, గొర్రెలకాపరులు, చెరువు మన్ను తెచ్చుకునే కుమ్మరి ఇళ్ళు, కట్టలకు రాయి కొట్టి మట్టి మోసిన వడ్డెర పెద్దలు. ఆయకట్టు రైతుల్లో తూము పక్కన పొలం ఉన్నవాళ్ళొక్కరే చాలరు, కాలువ చివర ఉన్నవాళ్ళు తప్పకుండా రావాలి, చెరువు గురించి ఈ ఇద్దరూ చెప్పే మాటలు ఎప్పుడూ ఒకటిగా ఉండవు.

నీరుగంటిని పిలవడానికి వెళ్ళి "పెద్దాయనా, మన చెరువు చరిత్ర చెప్పాలి మీరు" అన్నారనుకోండి, "నాకేం తెలుసు సార్, సదువుకున్నోళ్ళు మీరు" అనేస్తాడు, అక్కడితో అయిపోతుంది. "తూము ఏ కార్తెలో ఎత్తుతారు? మొదటి నీళ్ళు ఎవరి మడికి పోతాయి?" అని అడగండి, కూర్చోమని మంచం వాలుస్తాడు. పాత రాతి తూముల పని ఎలా ఉండేదో అలాంటివాళ్ళ నోట వినాల్సిందే. నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డరాయి, ఆ అడ్డరాతికి బెజ్జం, ఆ బెజ్జంలోంచి కిందికి దిగే పొడవాటి కర్ర, కర్ర చివర తూము కన్నాన్ని మూసే చెక్క బిరడా. నిండు చెరువులో ఈదుకుంటూ వెళ్ళి, అడ్డరాయి మీద నిలబడి కర్ర ఎత్తాలి. బిరడా బిగుసుకుపోతే మునిగి, కాలితో కన్నం తడిమి, చేత్తో కదిలించాలి, కదలగానే నీళ్ళు లాగే లాగుడుకు దొరక్కుండా పక్కకు జరగాలి. ఇది ఆయన కట్ట మీద నిలబడి, చేతులు కదుపుతూ చెబుతుంటే విన్న పిల్లలు మరిచిపోరు. దీనికి ముందు ఆయన్ను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు, ఆయన తర్వాత ఎవరూ విశ్లేషించనూ అక్కర్లేదు.

ఆడవాళ్ళను టైము అడిగి పెట్టండి. పొద్దున ఆరింటికి కట్ట మీద చల్లగా ఉంటుందని మనం అనుకుంటాం, వాళ్ళకు అది పొయ్యి దగ్గర పని, పాలు, బడికి వెళ్ళే పిల్లలు. డ్వాక్రా మీటింగు రోజున వెళ్ళి మీకు ఎప్పుడు వీలు అని అడిగితే వాళ్ళే చెబుతారు, చాలా ఊళ్ళలో సాయంత్రం నాలుగు తర్వాత అంటారు. నాట్లప్పుడు, కోతలప్పుడు అసలు పెట్టకండి. కోతలయ్యాక చెరువులో ఇంకా నీళ్ళుండే డిసెంబరు, జనవరి మంచిది. మళ్ళీ ఎండాకాలంలో నీళ్ళు అడుగంటినప్పుడు ఒకసారి పెడితే తూము నోరు, పాత మెట్లు, మునిగి ఉండే రాళ్ళు బయటపడతాయి, అప్పుడు చూసే చెరువు వేరు. బతుకమ్మ రోజున మాత్రం వద్దు. ఆ రోజు చెరువు వాళ్ళది. తర్వాత ఎప్పుడైనా పాటలు పాడేవాళ్ళ ఇంటికి వెళ్ళి, మన చెరువు పేరున్న పాట, కట్ట మైసమ్మ పాట ఏదైనా ఉందా అని అడిగి, పాడతామంటేనే పిలవండి.

ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. గుడి అరుగు మీద పెడితే కొందరు ఇప్పటికీ దూరంగానే నిలబడతారు. పెద్దరైతు తోటలో పెడితే కూలికి వెళ్ళేవాళ్ళు నోరు విప్పరు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు దగ్గర చెట్టు కిందో, బడి పిల్లలు ఆడుకునే చోటో, ఎవరిదీ కాని జాగా చూడండి. నడక మొదలుపెట్టేది మాలపల్లి, మాదిగపల్లి వైపు రేవు నుంచే పెట్టండి. ఒకప్పుడు ఏ రేవులో ఎవరు దిగేవాళ్ళు, ఎవరిని దిగనిచ్చేవాళ్ళు కాదు అన్నది అక్కడే మొదట వస్తుంది, రావాలి కూడా. శాసనంలో రాజు పేరుంది, వెయ్యిమంది కూలీల్లో ఒక్కరి పేరూ లేదు. చదివినప్పుడల్లా ఈ మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి, చెరువు తవ్వినవాళ్ళ మనవళ్ళు ఎదురుగా కూర్చుని ఉంటే ఆ మాట మాట్లాడకుండా శాసనం మడిచి సంచిలో పెట్టుకోవడం తప్పు.

ఆ రోజు

రెండు గంటలు చాలు. ముప్పై నలభై మందికి మించితే మైకు కావాలి, మైకు వచ్చిందంటే ఉపన్యాసం వస్తుంది, అందుకని అంతకంటే ఎక్కువ మంది వస్తారనిపిస్తే రెండు రోజులు పెట్టుకోండి. రేవు, తూము, కట్ట నడిమి, అలుగు, ఇలా నాలుగైదు చోట్ల ఆగేలా చూసుకోండి, ఆగిన చోట ఐదు నిమిషాలు చదవడం, పావుగంట మాట్లాడుకోవడం. పన్నెండు లక్షణాలూ ఒకేచోట చదవకండి, కట్ట గురించి కట్ట మీద, నేల గురించి దిగువ మడుల దగ్గర, నీళ్ళ గురించి వాగు వచ్చి కలిసేచోట. చౌడు అన్న మాట వచ్చినప్పుడు నేల తెల్లగా పొటమరించిన చోట నిలబడి ఉంటే వివరణ అక్కర్లేదు.

పిల్లల్ని నీళ్ళ వైపు వదలకండి. మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్ళ కింద కనబడవు, అడుగులోతు అనుకున్నచోట నిలువులోతు ఉంటుంది, ప్రతి ఎండాకాలం సెలవుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చూస్తూనే ఉంటాం. ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు నీళ్ళ అంచున నడవాలి, ఇది మాట్లాడుకుని పెట్టుకోవాలి, ఆ పూట చూద్దాంలే అనుకోవద్దు.

ఎవరో ఒక నాయకుడు వస్తానంటాడు. రమ్మనండి, అందరితో పాటు నడవమనండి. వేదిక లేదని, కుర్చీలు లేవని, ఎవరి ప్రసంగమూ లేదని ముందే గౌరవంగా చెప్పండి. నచ్చినవాళ్ళు వస్తారు, కొందరు వచ్చాక వాళ్ళ తాతల నాటి సంగతులు చెబుతూ అందరికంటే ముందు నడుస్తారు.

శిఖం భూమి, అంటే చెరువు నీళ్ళు నిలిచే భూమి, మాట తప్పకుండా వస్తుంది. ఎవరు ఎంత కలుపుకున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ మనిషి అన్నదమ్ములో అల్లుడో అక్కడే ఉంటారు. టెన్షన్ పడకండి, పేర్లు మాత్రం అక్కడ వద్దనండి. "చెరువు నిండితే నీళ్ళు ఒకప్పుడు ఎక్కడిదాకా వచ్చేవి?" అని అడగండి చాలు. ముసలివాళ్ళు ఆ రాయి దాకా, ఆ చింతచెట్టు దాకా అని చూపిస్తారు. పిల్లలు అక్కడికి నడిచి వెళ్ళి ఒక గుర్తు పెట్టి వస్తారు. అక్కడి నుంచి ఇప్పటి నీళ్ళ అంచుకు ఎంత దూరముందో అందరి కళ్ళకూ కనిపిస్తుంది. ఆ తర్వాత చేయాల్సింది రికార్డుల పని. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూముల రిజిస్టరు, తెలంగాణలో 1954-55 కాస్రా పహాణీ అనే భూముల రికార్డు, గ్రామ నక్షా (ఊరి పటం) తీయిస్తే చెరువు విస్తీర్ణం ఎంతో, ఏ సర్వే నంబరో తేలుతుంది. దాన్ని గ్రామసభలో పెట్టండి. చదువు కార్యక్రమాన్నీ ఫిర్యాదునూ ఒకే రోజు కలపవద్దని నేను గట్టిగా చెబుతాను. కలిపితే రెండోసారి కట్ట మీదికి సగం ఊరు రాదు, అప్పుడు ఫిర్యాదుకు బలమూ ఉండదు.

అయ్యాక

చాలా కార్యక్రమాలు ఫొటోలు వాట్సాప్‌లో పెట్టడంతో ముగుస్తాయి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఒక పెద్దావిడ తన అత్త నేర్పిన పాట పాడింది, మీరు ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు, ఆ పాట ఇప్పుడు మీ ఫోన్‌లో ఉంది, ఆమె ఇంట్లో లేదు. రికార్డు చేసేముందు అడగండి, ఎక్కడ పెడతారో చెప్పండి, వద్దంటే ఆపేయండి. చేసినదాన్ని వారంలోపు ఆమె మనవరాలి ఫోన్‌కు పంపండి. పాట రాసుకుంటే చక్కటి అక్షరాలతో రాయించి, ఆమె పేరు వేసి, ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించండి. తప్పులుంటే ఆమే దిద్దుతుంది.

పిల్లల చేత చెరువు పటం గీయించండి. తూములు, అలుగు, రేవుల పేర్లు, మడుల పేర్లు, చెట్ల పేర్లు, దయ్యముందని భయపడే చోటు కూడా. సర్వే పటంలో నంబర్లే ఉంటాయి, ఈ పేర్లు ఎక్కడా ఉండవు, ఆ పొలం దున్నినవాళ్ళతోనే పోతాయి. పటం ఒకటి బడిలో, ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి మండలంలోని శాఖా గ్రంథాలయంలో ఉండాలి. ఆరు దోషాల మీద జనం చెప్పినవి ఒక పేజీలో రాసి, ఎవరి పేర్లూ లేకుండా, గ్రామసభ రోజున చదివించండి. కారుతున్న తూము, మూసుకుపోయిన వాగు, చివరి మడికి చేరని నీళ్ళు, ఈ మూడూ ఒక్క పేజీలో ఉంటే చాలు, ఇంజినీరు వచ్చినప్పుడు చేతికివ్వడానికి పనికొస్తుంది.

పట్నంలో ఉన్నవాళ్ళు మాకు చెరువేది అంటారు. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు ఆ చెట్టు పట్టుకుని సుమారు నూట యాభై మంది బతికారని చెబుతారు. ఆ వరదలోనే ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నాడు, ఆ దుఃఖాన్ని కవిత్వంలో రాశాడు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు, ఇవాళ్టికీ నగరం వాటి నీళ్ళు తాగుతోంది. ఆ చెట్టు కింద నిలబడి, ఉర్దూ వచ్చినవాళ్ళు అమ్జద్ పద్యాలు చదివితే, తెలుగులో ఒకరు చెబితే, అక్కడి నుంచి నది అంచుకు నడిచి వెళ్ళి ఇప్పుడు మూసీ పక్కన ఇళ్ళున్నవాళ్ళు వానాకాలం ఎలా గడుపుతారో వింటే, పోరుమామిళ్ళ శాసనం పల్లెలో చేసిన పనే ఇక్కడా జరుగుతుంది. మీ కాలనీ పక్కన మురుగు కంపు కొట్టే కుంట ఉన్నా సరే, దాని పాత పేరు తెలిసిన మనిషి ఎవరో ఒకరు దగ్గర్లో ఉంటారు, వాళ్ళతో మొదలుపెట్టండి.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. చార్టులు, స్కెచ్ పెన్నులు, జిరాక్సులు, మజ్జిగ, బొరుగులు, పిల్లలకు టోపీలు, ఇంతే. స్పాన్సరు వద్దు, స్పాన్సరు వస్తే బ్యానరు వస్తుంది. నీరుగంటి, పాట పాడిన ఆవిడ, పొద్దంతా తిప్పి చూపించిన కాపరి ఆ పూట కూలి వదులుకుని వచ్చుంటారు, వాళ్ళకు కూలి లెక్కగట్టి కవర్లో పెట్టి ఇవ్వండి. శాలువా కప్పి పంపేయకండి. డబ్బు తక్కువైతే మజ్జిగ ఎవరింట్లోనైనా చిలుకుతారు గానీ ఈ కవర్లు మాత్రం తగ్గించకండి. ఆ రోజే, ఇంకా అందరూ అక్కడే ఉన్నప్పుడు, ఎండాకాలం నడకకు ఎవరు ఏం చదువుతారో, ఎవరిని పిలవాలో వాళ్ళ చేతే చెప్పించి నోటుపుస్తకంలో రాసుకోండి.